మా బ్యాచ్‌లో పంతొమ్మిది మంది అమ్మాయిలు

మీ నాన్న ఫోన్‌లో ఒక వాట్సాప్ గ్రూపు ఉంటుంది చూడండి. పేరులో ‘టెన్త్ బ్యాచ్’ అని, పక్కన ఒక సంవత్సరం, రెండు గులాబీలు, ఒక దండం బొమ్మ. పొద్దున్న ఐదింటికి సూర్యోదయం ఫొటోతో శుభోదయం, రాత్రికి ఎవరో ఫార్వర్డ్ చేసిన గుండెపోటు చిట్కా. మీరు చూసి నవ్వుకునే గ్రూపే.

ఇప్పుడు మీ అమ్మని అడగండి, ఆవిడకి కూడా అలాంటి గ్రూపు ఉందా అని. ఉందంటే, అందులో ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారో అడగండి.

మాది 1992 మార్చిలో పరీక్షలు రాసిన బ్యాచ్. పశ్చిమ గోదావరిలో తణుకు దగ్గర పల్లెటూరు, జిల్లా పరిషత్ హైస్కూలు. టెన్త్‌లో మొత్తం 54 మందిమి. మగపిల్లలు 35, ఆడపిల్లలం 19. బడి అయిపోయాక పాతికేళ్లు ఎవరి బతుకు వాళ్లది. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది. అప్పటిదాకా ఎంబీలు లెక్కపెట్టుకుని వాడిన మా తరం కూడా ఫోన్‌కి అతుక్కుపోయింది. ఆ మరుసటి ఏడాది మా గ్రూపు పుట్టింది.

మొదలుపెట్టింది ఊళ్లోనే ఉండిపోయి టెంట్ హౌస్ నడుపుతున్న మావాడు. నెల తిరక్కుండా 26 మంది మగవాళ్లు చేరిపోయారు. కూకట్‌పల్లిలో ఉన్నవాడు, బెంగళూరులో ఉన్నవాడు, డాలస్‌లో ఉన్నవాడు, మస్కట్‌లో క్రేన్ నడిపేవాడు, అందరూ. ఆడవాళ్లం మాత్రం ఇద్దరమే. హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో లెక్కలు చూసుకునే నేను, ఏలూరులో టీచరుగా చేస్తున్న నా స్నేహితురాలు.

మగవాళ్లని పట్టుకోవడం ఎందుకంత తేలికంటే, ఎంత దూరం పోయినా వాళ్ల ఇంటిపేరు అదే, నాన్నగారి ఇల్లు అదే, ఎకరం పొలం ఉంటే దాని గట్టు కూడా అదే. పాల కేంద్రం దగ్గర నిలబడి “ఫలానా వాళ్ల అబ్బాయి ఇప్పుడెక్కడండీ?” అంటే ఫోన్ నంబరుతో సహా చెప్తారు. అమ్మాయిలకి అలా కాదు. పెళ్లవగానే ఊరు మారుతుంది, ఇంటిపేరు మారుతుంది. మా వాళ్లలో ఇద్దరికైతే అసలు పేరే మార్చేశారు, అత్తగారి పేరూ కోడలి పేరూ ఒకటే అయిందని. మనం ఫేస్‌బుక్‌లో పాత ఇంటిపేరు కొట్టి వెతుకుతాం. ఆ పేరుతో ఆ మనిషి ఎక్కడా లేదు.

గ్రూపు కబుర్లు మొదట్లో సరదాగానే సాగాయి. జూన్ 1 వస్తే మాలో తొమ్మిది మందికి పుట్టినరోజు. కేకు బొమ్మలతో ఫోన్ వేడెక్కిపోతుంది. ఒకే రోజు తొమ్మిది మంది ఎలా పుట్టారమ్మా అని మా అమ్మాయి అడిగింది. పుట్టలేదు. బళ్లో వేసేటప్పుడు ఐదేళ్లు నిండాయని చూపించాలి కదా, ఇంట్లోవాళ్లకి తేదీ గుర్తుండదు. “ఉప్పెన వచ్చిన ఏడు వీడు చంకలో ఉన్నాడండీ” అనేవారు. ఆ ఉప్పెన అంటే 1977 నవంబర్‌లో దివిసీమని ముంచేసింది. హెడ్మాస్టారు లెక్కగట్టి జూన్ 1 అని రాసేసుకునేవారు. అలా మా తరంలో చాలామంది రెండుసార్లు పుట్టారు, ఇంట్లో ఒకసారి, రిజిస్టర్లో ఒకసారి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఇంకో తమాషా పిలుపుల దగ్గర వచ్చింది. బళ్లో మాకు మగపిల్లలతో మాటల్లేవు. ఐదేళ్లు ఒకే గదిలో కూర్చుని ఒక్కసారైనా నేరుగా మాట్లాడుకోని వాళ్లం. నోట్సు కావాలంటే ఎవరి తమ్ముడో రాయబారం మోయాలి. అలాంటిది నలభై దాటాక ఒక గ్రూపులో పడితే ఏమని పిలుచుకోవాలి? వాళ్లలో వాళ్లు ‘ఒరేయ్’ దగ్గర్నుంచే అందుకున్నారు. మా దగ్గరకొచ్చేసరికి ‘మేడం గారూ’. ఒకడు ఎందుకైనా మంచిదని ‘సిస్టర్’ అన్నాడు. ‘జాను’ సినిమా వచ్చిన కొత్తలో మా అమ్మాయి “నీకూ అలాంటి స్టోరీ ఏదైనా ఉందా అమ్మా” అని పీక్కు తింది. ఒసేయ్, ఆ సినిమాలో వాళ్లు కనీసం మాట్లాడుకున్నారే!

2019 వేసవిలో టీచరు స్నేహితురాలూ నేనూ కూర్చుని మిగతా అమ్మాయిల లిస్టు రాశాం. పదిహేడు పేర్లు. బడిలో అడ్మిషన్ రిజిస్టర్ చూస్తే తండ్రి పేరు, ఊరు దొరికాయి. అంటే పుట్టింటి దారి దొరికింది. తీరా వెళ్తే చాలామందికి పుట్టిల్లే మిగల్లేదు. పెద్దవాళ్లు పోయారు, అన్నదమ్ములు ఇల్లు అమ్మి తలోదిక్కూ పోయారు. ఓటర్ల లిస్టు చూద్దామంటే అందులో పెళ్లైన ఆడవాళ్ల పేరు పక్కన భర్త పేరుంటుంది. ఆ భర్త పేరేమిటో తెలిస్తే మాకీ తిప్పలెందుకు?

దారి చూపించింది మా అమ్మ. పాత ఇళ్లలో దూలానికి ఒక ఇనప తీగ వేలాడుతుండేది, వచ్చిన ఉత్తరాలన్నీ దానికి గుచ్చేవారు. మీరు చూసి ఉండరు. మా ఇంట్లో ఆ తీగ తీసేసినప్పుడు కాగితాలన్నీ ట్రంకు పెట్టెలో పడేసింది అమ్మ. వాటిలో శుభలేఖలున్నాయి. నాలుగు మూలలా పసుపు, ఆ పసుపు చుట్టూ పురుగు కొట్టిన చిల్లులు. చి.ల.సౌ. అని అమ్మాయి పేరు, కిందే వరుడి పేరు, ఇంటిపేరు, తండ్రిగారి పేరు, ఊరు, ముహూర్తం. ఇన్‌స్టాలో కూడా ఇంత పూర్తి ప్రొఫైల్ ఉండదు. మా క్లాసు అమ్మాయిలవి నాలుగు దొరికాయి.

నాలుగూ 1992 మే, జూన్ ముహూర్తాలు.

అమ్మాయికి పద్దెనిమిదేళ్లు నిండాలని చట్టం 1978 నుంచే ఉంది. మాకప్పుడు పదిహేనో పదహారో. శుభలేఖ మీద వయసు వెయ్యరు కదా.

ఊళ్లు దొరికాక మనుషుల్ని పట్టుకోవడం మరో పెద్ద పని. ఫోన్లు మేమిద్దరమే చెయ్యాలని మొదటి వారంలోనే తేలిపోయింది. మగవాళ్లు చేస్తే అవతల ఎత్తేది భర్తో కొడుకో. “టెన్త్ క్లాస్‌మేట్‌నండీ” అని మగ గొంతు వినిపిస్తే ఆ ఇంట్లో ఆ పూట వంట సవ్యంగా సాగదు. మాకే సవాలక్ష ప్రశ్నలు. ఎవరండీ? ఏ ఊరు? ఏం పని? చీటీలా, ఇన్సూరెన్సా? ఒకాయన ఐదు నిమిషాలు అన్నీ విని, “మా ఆవిడ చదువుకోలేదే” అన్నారు. చదువుకుందండీ, పదో తరగతి పాసైంది, క్లాసులో నా వెనక బెంచీ అన్నాను. ఆయనకి నిజంగానే తెలియదు. పెళ్లై ఇరవై ఏడేళ్లు.

అలా ఒక్కొక్కరే దొరికారు. శుభలేఖల్లో నలుగురు, మిగతా దారుల్లో తొమ్మిది మంది. ఇద్దరు అప్పటికే లేరు. అందులో ఒకామె గురించి నేను ఫోన్ చేస్తే ఆమె కొడుకు ఎత్తి “అమ్మ పోయి పన్నెండేళ్లైందండీ. మీరెవరు?” అన్నాడు. గొంతు బట్టి మీ వయసే ఉంటుంది. క్లాస్‌మేట్‌ని అంటే కాసేపు ఆగి, “అమ్మ స్కూల్లో ఎలా ఉండేదండీ?” అని అడిగాడు. చెప్పాను. బాగా నవ్వేది అని చెప్పాను. ఖోఖోలో తనని ఎవరూ పట్టుకోలేకపోయేవారని చెప్పాను. ఇంకా ఇద్దరు ఈ రోజుకీ దొరకలేదు.

దొరికిన వాళ్లలో సగం మంది మగవాళ్లున్న గ్రూపులో వద్దన్నారు. ఇంట్లో చూస్తారు, అనవసరం అన్నారు. సరే అని ఆడవాళ్లకి విడిగా ఒక గ్రూపు పెట్టాం. అందులో పద్నాలుగు మందిమి. పదిహేనో ఆవిడకి సొంత ఫోన్ లేదు, ఆదివారాల్లో కోడలి ఫోన్ నుంచి మాట్లాడుతుంది. డీపీల్లో ఒక్కరి ముఖమూ ఉండదు. మనవడో, వెంకటేశ్వరస్వామో, మందార పువ్వో.

కానీ కబుర్లంటే ఇక్కడే. పెద్ద గ్రూపులో ఎవరు ఏ కారు కొన్నారు, ఎవరి కొడుక్కి ఏ ప్యాకేజీ, ఎన్నికలొస్తే రెండు పార్టీల యుద్ధం. 2019లో ముగ్గురు, 2024లో ఐదుగురు గ్రూపులోంచి లెఫ్ట్ అయ్యి మళ్లీ చేరారు. 2021 మేలో మాత్రం ఆ గ్రూపే కాళ్లకి చక్రాలు కట్టుకుంది, ఆక్సిజన్ సిలిండర్ కోసం టెంట్ హౌస్ వాడు తన వ్యానేసుకుని రాజమండ్రి దాకా వెళ్లొచ్చాడు. అది ఒప్పుకోవాలి.

చిన్న గ్రూపులో మాటలు వేరు. థైరాయిడ్ మాత్ర పరగడుపునే వేసుకోవాలా. కోడలు మాట్లాడ్డం మానేస్తే ఏం చెయ్యాలి. బంగారం బ్యాంకులో పెడితే వడ్డీ ఎంత. ఒక రాత్రి ఎవరో గర్భసంచి ఆపరేషన్ సంగతి ఎత్తారు. నాకూ అయిందే అని ఒకావిడ, నాకు ముప్ఫై నాలుగేళ్లకే అని ఇంకొకావిడ. తెల్లారేసరికి ఆరుగురు తేలాం, అందరికీ నలభై లోపే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉంటాయని తర్వాత చదివాను. మాకు సర్వే అక్కర్లేకుండానే తెలిసింది. అందరికీ దాదాపు ఒకే మాట చెప్పారట: ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది, పిల్లలు పుట్టేశారుగా ఇంకెందుకు? ఆ ఆరుగురిలో ఒక్కరూ అంతకుముందు ఈ సంగతి ఇంకో ఆడమనిషితో మాట్లాడలేదు.

ముప్ఫై ఏళ్లు నిండినందుకు 2023 సంక్రాంతికి బళ్లో కలిశాం. కనుమ దాకా గోదావరి జిల్లాల్లో మగవాళ్లు కోడిపందేల బరుల దగ్గర తప్ప దొరకరు కాబట్టి ముక్కనుమ నాడు పెట్టుకున్నాం. ఆ రోజు గురించి పెద్దగా చెప్పను. మీరు అలాంటి ఫొటోలు వంద చూసే ఉంటారు. ఫ్లెక్సీ, శాలువాలు, మెమెంటోలు, పైన డ్రోను. డ్రోనుకి పెట్టిన డబ్బుతో ఒక కారు మాట్లాడి ఉంటే ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వచ్చేవారని నా అభిప్రాయం, అప్పుడూ చెప్పాను. ఫ్లెక్సీ మీద తమ ఫొటో వెయ్యొద్దని నలుగురు ముందే చెప్పారు. పదకొండు మందిమి వెళ్లాం.

సోషల్ మాస్టారు వయసు మీదపడి కుర్చీలోంచే అటెండెన్స్ తీసుకున్నారు. పాత పేర్లు, పాత ఇంటిపేర్లు. ముప్ఫై ఏళ్ల తర్వాత తన పుట్టింటి ఇంటిపేరు వినపడితే ఒకావిడ చెయ్యెత్తడం మర్చిపోయి అలా చూస్తూ ఉండిపోయింది. పక్కావిడ మోచేత్తో పొడిచింది.

భోజనాల దగ్గర ఇప్పటి హెడ్మాస్టర్ మేడం వచ్చి “మీ బ్యాచ్‌వి కొన్ని సర్టిఫికెట్లు మా బీరువాలో ఉండిపోయాయండీ, ఎవరూ తీసుకెళ్లలేదు. చూస్తారా?” అన్నారు. చూశాం. నాలుగు. ఒకటి మగపిల్లాడిది, మూడు అమ్మాయిలవి. కాలేజీలో చేరేవాళ్లు సర్టిఫికెట్ కోసం బడి చుట్టూ తిరుగుతారు. పెళ్లై వెళ్లిపోయిన పిల్లకి దాంతో ఏం పని? ఎవరు తెస్తారు?

మూడింటిలో ఒకటి మా లెక్కల పిల్లది.

పేరు రాయను, తనకిష్టం ఉండదు. మేమంతా అలాగే పిలిచేవాళ్లం. మాస్టారు బోర్డు మీద లెక్క పూర్తిచేసే లోపే తను జవాబు గొణిగేది. పరీక్షల ముందు రాత్రులు మా వరండాలో లాంతరు పెట్టుకుని నాకు బీజగణితం నేర్పింది తనే. పరీక్షలు మార్చిలో అయ్యాయి, మేలో పెళ్లి. అప్పట్లో ఫలితాలంటే దినపత్రికలో హాల్ టికెట్ నంబర్ల బారు. తన నంబరు ఫస్ట్ క్లాస్ వరసలో ఉంది. అది చూసి వాళ్లమ్మ అత్తారింటికి కబురు పంపింది. అంతే, అక్కడితో ఆ కథ అయిపోయింది. మార్కులెన్నో తను ఎప్పుడూ చూడలేదు.

ఆ నాలుగు శుభలేఖల్లో తనదొకటి. ఆ ఊరు వెళ్తే భర్త పోయాడని, తను కువైట్‌లో ఉందని పక్కింటివాళ్లు చెప్పారు. గోదావరి జిల్లాల్లో ఇదేం వింత కాదు. ఇంటిపనికి కువైట్, మస్కట్, దోహా వెళ్లిన ఆడవాళ్లు లేని ఊరు మా వైపు తక్కువ. ఇమో నంబరు దొరికింది. అక్కడ రాత్రి పదింటికి పని ముగుస్తుంది, మనకి పన్నెండున్నర. మొదటిసారి మాట్లాడిన రాత్రి నేను మేలుకుని కూర్చున్నా.

“ఏమే, నువ్వేనా? గొంతు అమ్మమ్మ గొంతులా అయిపోయిందే,” అంది. ముప్ఫై ఏళ్లకి మొదటి మాట అది.

తర్వాత శుక్రవారాల్లో మాట్లాడుకునేవాళ్లం. ఆ ఇంట్లో పెద్దావిడని ‘మామా’ అనాలట, పెద్దాయన్ని ‘బాబా’. సరుకులకి డ్రైవరుతో పాటు తననే పంపుతారు, బిల్లు తప్పు రానివ్వదని. “ఇక్కడ దీనారుకి వెయ్యి ఫిల్సులే. చుక్క తర్వాత మూడు అంకెలు. క్యాషియర్ పిల్లాడు మెషీన్ కొట్టేలోపు నేను చెప్పేస్తా,” అని నవ్వింది.

పాస్‌పోర్ట్ సంగతి కూడా అప్పుడే చెప్పింది. మీకు తెలుసో లేదో, పదో తరగతి పాసైన సర్టిఫికెట్ చూపిస్తే పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ ముద్ర పడదు. చూపించకపోతే పడుతుంది. అంటే కువైట్‌తో సహా పద్దెనిమిది దేశాలకి పనికి వెళ్లాలంటే ప్రభుత్వం దగ్గర విడిగా అనుమతి తీసుకోవాలి. చదువు లేనివాళ్లు మోసపోకుండా పెట్టిన కాపలా అది. 2012లో తను వెళ్లేటప్పుడు ఏజెంటు అడిగాడట, టెన్త్ ఉందా అని. పాసయ్యాను, కాగితం లేదు అంది. కాగితం లేకపోతే పాసవనట్టే అన్నాడు. ముద్ర పడింది.

ఆ కాగితం బళ్లో బీరువాలో ఉంది, అంతకాలమూ.

నేను అప్పటికప్పుడు ఫోన్ తీసి సర్టిఫికెట్ ఫొటో కొట్టి పంపబోయాను. మళ్లీ ఆగి, ముందు దొరికిందని ఒక మెసేజ్ పెట్టాను. తన దగ్గర్నుంచి ఉత్తరం, ఆధార్ కాపీ తెప్పించుకుని వాళ్ల తమ్ముడు సంతకం పెట్టి తీసుకోవడానికి ఇంకో పది రోజులు పట్టింది. ఈ లోపు పాస్‌పోర్ట్ మీద ముద్ర తీయించొచ్చేమోనని మా అందరికీ ఒకటే ఉత్సాహం. డాలస్ వాడు ఫారాల లింకులు పంపాడు. తీరా చూస్తే పాస్‌పోర్ట్‌లో పుట్టిన తేదీ ఏజెంటు రాయించింది, 1975. సర్టిఫికెట్‌లో హెడ్మాస్టారు రాసింది, 1977 జూన్ 1. వాళ్లమ్మ లెక్కేమో మాఘమాసం. ఈ తేదీల గొడవ ఇప్పుడు కదిపితే ఉన్న ఉద్యోగానికే ఎసరు వస్తుందని తను వద్దంది. “ఇంకో మూడేళ్లు చేసి వచ్చేస్తానే. పిల్లాడి అప్పు తీరిపోతుంది. ఇప్పుడెందుకు కెలకడం,” అంది. నాకు కోపం వచ్చింది గానీ లెక్క తనదే కరెక్టు.

ఆ శుక్రవారం రాత్రి సర్టిఫికెట్ నా ముందు పెట్టుకుని ఫోన్ చేశాను. వాళ్ల తమ్ముడు భద్రంగా ఉంటుందని నా దగ్గరే ఉంచాడు. ఫొటో పంపనా అంటే వద్దంది.

“నువ్వు చదువు. నేను వింటా.”

“తెలుగు 71.”

“ఊ.”

“హిందీ 58. ఇంగ్లీషు 49.”

“నలభై తొమ్మిదా! పర్లేదే.”

“లెక్కలు 94. సైన్సు 77. సోషల్ 72. మొత్తం...”

“421,” అంది నేను చెప్పే లోపే. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. అటువైపు ఏసీ చప్పుడు వినిపిస్తోంది, ఎవరో పిల్లాడు అరబిక్‌లో ఏదో అడుగుతున్నాడు. వాడికేదో చెప్పి పంపించింది.

“లెక్కలు మళ్లీ చదువు.”

“తొంభై నాలుగు.”

“ఆ ఆరు ఎక్కడ పోయాయో నాకు తెలుసే,” అంది. “పెద్ద లెక్కలో కింది వరసకి మైనస్ గుర్తు దించలేదు. గేటు దగ్గరకి వచ్చాక గుర్తొచ్చింది. నీకు అప్పుడే చెప్పాను కదే.”